అవ్వ నిలబెట్టిన రోకలి

రేగొండలోని మా అత్తగారింట్లో నేను సూర్యచంద్రుల గురించి నోరు విప్పితే బర్రెలు కూడా తాళ్లు తెంపుకునేవి. అయినా మొన్న మే నెలలో జనగామ నుంచి వెళ్లగానే ప్రకటించేశాను: రేపు మిట్టమధ్యాహ్నం నీడలు మాయమవుతాయి!

అబద్ధమేమీ కాదు. మన వైపు సూర్యుడు ఏడాదికి రెండు రోజులే సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మిగతా రోజుల్లో ఉత్తరానికో దక్షిణానికో కాస్త ఒరిగి పోతాడు. నడినెత్తిన ఉన్న ఆ క్షణాన, నిటారుగా నిలిచినదాని నీడ దాని కిందికే దూరుతుంది.

మా ఆవిడ అమ్మమ్మ ఆ ఇంటికి సుప్రీంకోర్టు. "మాయమైతే నీ మాట నమ్ముత అల్లుడా. కాకుంటే గీ ఇంట్ల సుక్కల ముచ్చట బంద్!" అంది.

నిటారుగా నిలిచేది కావాలని ఆమె రోకలే అడిగాను. గ్రహణం పూట తప్ప అది పళ్లెంలో నిలవదని అవ్వ నమ్మకం. గొణుక్కుంటూనే మర్నాడు వాకిట్లో నీళ్ల పళ్లెం పెట్టి, ఒక్క పట్టున నిలబెట్టింది. సరిహద్దులో జవాను కూడా అంత నిటారుగా ఉండడు. సగం రేగొండ మా వాకిట్లో, మిగతా సగం గోడ మీద.

పన్నెండయింది. బొటనవేలంత నీడ మిగిలే ఉంది.

"సూర్యునికి కాటారం బస్సు దొరకలేదా ఏంది బావా?" అన్నాడు మా బావమరిది. నవ్వులకు పెంకులు లేచాయి.

అవ్వ మాత్రం నవ్వలేదు. తన పాదాల దగ్గర నీడను చూసుకుంది. "గడియారంల అయింది గని, నెత్తి మీదికి ఇంక రాలే. నాట్లేసేటప్పుడు గిట్లనే సూసి సద్ది విప్పినం. జర ఆగుండ్రి."

దేశమంతటికీ ఒకటే గడియారం. దాని లెక్క మనకు తూర్పున ఉన్న రేఖాంశపు గీతది. పొద్దు అది దాటి మన నెత్తికెక్కడానికి ఇంకొన్ని నిమిషాలు పడుతుంది. ఇది నేను పుస్తకంలో చదివి మరిచాను. ఆమె బురదలో నిలబడి నేర్చుకుంది.

ఎనిమిది నిమిషాలకు రోకలి తన నీడను మింగేసింది. గోడ మీది సగం కిందికి దూకింది.

"గ్రహణం లేకుండనే నిలబడ్డది, చూసినవా అవ్వా?" అన్నాను.

"నేను నిలవెట్టిన, నిలవడదా? సుక్కల ముచ్చట చెప్పుకో పో. టైము మాత్రం నన్నడిగి చెప్పు."