మైకమ్మ మూడు వారాలు

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. కూరగాయల మార్కెట్లో మూడో వరసలో నిలబడి "టమాటా!" అని ఒక్క కేక వేసిందంటే, గేటు బయట బస్సు కోసం నిలబడ్డవాళ్ళు కూడా చేతిసంచీ తడుముకునేవారు. అందుకే అందరికీ మైకమ్మ. చర్చిలో కరెంటు పోయినా పాస్టరుగారు కంగారుపడేవారు కాదు, పాట ఎత్తుకోవడానికి ఆవిడ ఉందిగా. ఇక ప్రార్థన సంగతి చెప్పనక్కర్లేదు. బుధవారం సాయంత్రం ఆడవాళ్ళ కూడికలో ఆమె కళ్ళు మూసుకుందంటే, వీధిలోని జ్వరాలనూ దగ్గులనూ పరీక్ష తప్పిన పిల్లలనూ పేరుపేరునా దేవుడి ముందు నిలబెట్టి గానీ తెరిచేది కాదు. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చిన ఇల్లాళ్ళు ఒంటికన్నుతో గడియారం చూసుకునేవారు.

ఆమె భర్త తాళాల మేస్త్రీ. ఎంత మొండి తాళమైనా రెండు నిమిషాల్లో తెరుస్తాడు, సొంత నోరు మాత్రం తెరవడు. చర్చిలో చివరి బెంచీలో కూర్చుంటాడు. ఆయన పలికేది ఆమేన్ ఒక్కటే, అదీ గొణుగుడే. "దేవుడు మా ఇద్దరికీ కలిపి ఒకటే గొంతు ఇచ్చాడు, దాన్ని నాకు అప్పజెప్పాడు" అని ఆమె నవ్వేది.

ఆ గొంతులోనే కాయ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. చెడ్డ కాయ కాదన్నారు, అంతవరకూ నయం.

"మూడు వారాలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుసలు కూడా వద్దు" అంది డాక్టరమ్మ. "ఆ తర్వాత గొంతు ఎంత వస్తుందో, అసలు వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేను."

మైకమ్మ పలక తెప్పించుకుంది. మొదటిరోజే దాని మీద రాసింది: "నా దేవుడు నన్ను వదిలిపెట్టడు. అన్నం ఏది?" చూడవచ్చిన వాళ్ళందరికీ మొదటి వాక్యం చూపించేది, మేస్త్రీకి రెండోది.

కొట్టు ఆమె చెల్లెలు చూసుకుంటోంది. పాపం, చెల్లెలి కేక పక్క బల్ల దాకా కూడా పోదు. అమ్ముడుపోని టమాటాలు ఇంటికి వచ్చేవి, ఇంట్లో రోజూ టమాటా కూరే. "ఇదీ ఒక శోధనే" అని పలక మీద రాసి మేస్త్రీకి చూపించింది. ఆయన నవ్వాపుకోలేక పొలమారి, రెండు గ్లాసుల నీళ్ళు తాగాడు.

కానీ ఆయన పనికి వెళ్ళాక ఆమె అద్దం ముందు నిలబడి నోరు తెరిచేది. తెరిచి, మళ్ళీ మూసేసేది. ఈ సంగతి ఏ పలక మీదా రాయలేదు.

మూడో బుధవారం కూడిక వాళ్ళింట్లోనే. తెల్లవారితే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. మైకమ్మ తన ప్రార్థన నాలుగు పేజీలు గబగబా రాసి పాస్టరమ్మ చేతిలో పెట్టింది. పాస్టరమ్మ రెండో లైనుకే చేతులెత్తేసింది. కోడి గెలికినట్టున్న ఆ రాత చదవగలిగింది ఒక్క మేస్త్రీయే.

"అన్నయ్యగారూ, మీరే రావాలి" అని పిలిచారు.

వెనక గదిలో తాళంచెవి అరగదీస్తున్న ఆయన, చేతిలో ఆకురాయితోనే వచ్చి నిలబడ్డాడు. చెమటలు తుడుచుకుంటూ చదివాడు. పక్కింటి జ్వరం, ఎదురింటి దగ్గు, చెల్లెలి వ్యాపారం, చివరికి పాస్టరుగారి స్కూటర్ బ్రేకులు కూడా వచ్చాయి. నాలుగో పేజీ అయిపోయింది. కాగితం తిరగేసి చూశాడు.

"నీ గురించి ఒక్క ముక్క కూడా లేదేంటి?"

అందరూ కళ్ళు తెరిచారు. మైకమ్మ తల వంచుకుని, పలక అందుకుని చిన్న అక్షరాలతో రాసింది: "అడిగితే ఇవ్వడేమోనని భయం."

అది ఆయన పైకి చదవలేదు. ఆకురాయి కింద పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా, ఇది కాగితంలో లేదు. నాకు ప్రార్థన చెయ్యడం రాదు. ఇన్నాళ్ళూ మా ఇంటి తరఫున ఇదే మాట్లాడింది. ఇప్పుడు ఇల్లు బొత్తిగా బాగాలేదు. దాని గొంతు దానికి ఇచ్చెయ్యి. మొత్తం కాకపోతే కొంచెమైనా ఇవ్వు. అసలు ఇవ్వకపోయినా... మేం నిన్ను వదిలి ఎక్కడికీ పోం. మమ్మల్ని కాపాడేవాడివి నువ్వు తప్ప ఎవరున్నారు? అంతే."

ఆమేన్ చెప్పడం మర్చిపోయాడు. ఆడవాళ్ళు ఇల్లు దద్దరిల్లేలా చెప్పారు. ఆ సాయంత్రం ఎవరూ గడియారం చూడలేదు.

మర్నాడు డాక్టరమ్మ మేస్త్రీని బయటే ఉండమని, మైకమ్మను లోపలికి పిలిచి తలుపు వేసింది. "ఏదైనా మాట్లాడండమ్మా" అంది.

మొదట స్తోత్రం చెప్పాలని మైకమ్మ మూడు వారాలుగా అనుకుంటోంది. తీరా నోరు తెరిస్తే వచ్చింది "ఏమండీ" అన్న పిలుపు. సన్నగా, బొంగురుగా, ఎదురుగా కూర్చున్న డాక్టరమ్మకే సరిగా అందనంత చిన్నగా వచ్చింది.

"ఇంకాస్త మెరుగవుతుంది" అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "పాత గొంతు మాత్రం పూర్తిగా రాదమ్మా."

మైకమ్మ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బయట బెంచీల మీద జనం, పిల్లల ఏడుపులు, పేర్లు పిలిచే నర్సు గోల. అంత గోలలోంచి తలుపు తోసుకుని మేస్త్రీ తల లోపలికి పెట్టాడు.

"పిలిచావా?" అన్నాడు.

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "స్తోత్రం" అంది, ఆ ఉన్న గొంతుతోనే.