బ్రేకుకు వేసిన నీళ్ల పైపు

ముప్పై ఏళ్లకు పైగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నా భార్యకు తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నానేమో. అలసిపోయాను. దాచడం కూడా ఒక పనే. అన్ని పనుల్లాగే అదీ మనిషిని అరగదీస్తుంది.

నేను గోదావరిఖనిలో లారీ మెకానిక్‌ని. ఎనభైలు ముగిసే రోజుల్లో, నేను బాబాయి వరసలో కాక అని పిలిచే దేవదానం నా షెడ్డుకు ఒక పాత ట్రక్కు తెచ్చాడు. మిలిటరీ వేలంలో కొన్నది. గుండ్రటి ముక్కు, చెక్క బాడీ, పెట్రోల్ ఇంజను. అంతకు ముందు కాక బొగ్గుబాయిలో, అంటే గనిలో, పనిచేసేవాడు. పైకప్పు బొగ్గు విరిగి కుడి మోకాలి మీద పడితే ఉద్యోగం వదిలి, ఈ బండి మీద బతుకు మొదలుపెట్టాడు. గోదావరి నుంచి ఇసుక ఎత్తి బాయిల దగ్గర పోసేవాడు. బొగ్గు తీసిన ఖాళీలను ఆ ఇసుకతోనే నింపుతారు.

పెట్రోలు ఖర్చు భరించలేక ఇంజను మార్చమన్నాడు. తుక్కుకు పోతున్న ఒక లారీ నుంచి డీజిల్ ఇంజను దించి దానికి ఎక్కించాను. బండి గట్టిగా లాగింది. కాని పరుగు పెరిగాక పాత బ్రేకులు చాలలేదు. పెడల్ మీద నిలబడి తొక్కాల్సి వచ్చేది. కాక మోకాలు దానికి ఒప్పుకోలేదు. అందుకని పవర్ బ్రేకులు వేస్తానని నేనే అన్నాను. అవును, నేనే. అంత పాత బండికి ఆ బ్రేకులు వేసినవాడు మా వైపు అప్పటికి లేడు. పది మంది చూసి మెచ్చుకోవాలని నాకు ఉండేది.

ఈ బ్రేకులో కాలికి సాయం చేసేది బూస్టర్. గాలి పీల్పుతో అది పనిచేస్తుంది. పెట్రోల్ ఇంజను ఆ పీల్పు తానే ఇస్తుంది, డీజిల్ ఇంజను ఇవ్వదు. వేరే పంపు పెట్టాలి. పంపు పెట్టాను. ఆ పంపునూ బూస్టర్‌నూ కలిపే పైపు దళసరిగా, లోపల నూలు అల్లికతో ఉండాలి. అది హైదరాబాద్ నుంచి రావాలి. సోమవారం బండి ఇస్తానని అందరి ముందూ చెప్పి ఉన్నాను. రేడియేటర్‌కు వేసే నీళ్ల పైపు ముక్క కోసి బిగించాను.

కాక బానెట్ కిందికి వంగి దాన్ని వేలితో నొక్కి చూశాడు.

"ఇది గింత మెత్తగున్నదేందిరా? నీళ్ల పైపు లెక్కనే ఉన్నది."

"గిదే వేస్తరు కాక. నువ్వు ఫికర్ చెయ్యకు."

"నువ్వంటే అయిపాయె. నీ చేతి మీద నాకు నమ్మకం."

ఇంజను వేడికి ఆ పైపు మెత్తబడుతుందని, పీల్పుకు లోపలికి అతుక్కుపోయి బూస్టర్ సాయం ఆగిపోతుందని నాకు తెలియదా? తెలుసు. పైపు రాగానే మార్చేద్దామనుకున్నాను. వారంలో వచ్చింది కూడా. షెడ్డు గోడ మేకుకు తగిలించాను. మరిచిపోయానని చెబితే నమ్ముతారు, కాని మరిచిపోలేదు. కాక బండి రోజూ మా షెడ్డు ముందు నుంచే పోయేది. హారన్ కొట్టేవాడు. రేపు పిలుద్దాంలే అనుకునేవాణ్ణి. బండి ఎప్పటికప్పుడు చక్కగా ఆగుతుంటే, నేను ఆడిన అబద్ధం నాకే నిజంలా కనపడసాగింది. మూడు వారాలు అలాగే గడిచాయి.

ఒక మధ్యాహ్నం, మొదటి షిఫ్టు వదిలిన వేళ, ఇసుక లోడుతో దిగువకు వస్తున్న బండి ఆగలేదు. డ్యూటీ దిగి సైకిల్ మీద ఇంటికి పోతున్న కొమురయ్య అనే కార్మికుడు దాని కింద పడ్డాడు. పెళ్లయి ఏడాది కాలేదు. దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది.

పోలీస్ స్టేషన్ ముందు చోటు లేదని బండిని నా షెడ్డు దగ్గరికే లాక్కొచ్చి పెట్టారు. బ్రేకు ఇన్‌స్పెక్టర్ మర్నాడు వస్తాడన్నారు. బానెట్ ఎత్తి చూశాను. పైపు అప్పటికి చల్లబడినా నడుమ నొక్కుకుపోయిన గీత అలాగే ఉంది. అప్పుడు నేను ఏం చేశానో రాయాలంటే ఇప్పటికీ వేళ్లు ముందుకు సాగడం లేదు. గోడ మేకుకున్న అసలు పైపు తీసి బిగించాను. కొత్తగా కనపడకుండా దానికి గ్రీజూ దుమ్మూ పూశాను. పాతదాన్ని కోసి మంటలో వేశాను. ఎన్నడూ ఏ పనీ నేను అంత శ్రద్ధగా చేయలేదు.

ఇన్‌స్పెక్టర్ బండిని అటూ ఇటూ నడిపించి, బ్రేకులు బాగున్నాయని రాసుకున్నాడు. తప్పు కాక కాలి మీదికి పోయింది. కుంటోడికి బండెందుకని ఊరంతా అన్నది. కోర్టు శిక్ష వేసింది. జైలు నుంచి వచ్చాక కాక మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు. బండి అమ్మేసి చర్చి గేటు దగ్గర కాపలాకు కుదిరాడు. ఒకసారి నన్ను చూసి లేచి వచ్చాడు. తిడతాడేమోనని ఒక అడుగు వెనక్కి వేశాను.

"నీ బ్రేకులల్ల ఏం తప్పు లేదట బిడ్డా. నా కాలే నన్ను మోసం చేసింది. పాపం, ఆ పోరడు" అన్నాడు, మోకాలి మీద పిడికిలితో కొట్టుకుంటూ.

చెప్పాల్సిన క్షణం అదే. నేనేమన్నానో తెలుసా?

"దవాఖానల చూపిచ్చుకో కాక" అన్నాను.

పైపు కంటే, మంట కంటే, నన్ను ఎక్కువగా కాల్చింది ఆ మాట. రెండు మంచి కాళ్లున్నవాడు తొక్కితే బండి ఆగేదేమో అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కాని ఆ కాలి కోసమే కదా నేను ఆ బ్రేకులు వేసింది? భయపడ్డానా? భయమే. షెడ్డు పోతుందని, పేరు పోతుందని. పేరు ఉండిపోయింది. ఇప్పటికీ బ్రేకు పనంటే నా దగ్గరికే పంపుతారు.

తొంభైల నడుమ కాక చనిపోయాడు. సమాధి దగ్గర నేనూ పిడికెడు మట్టి వేశాను. ఆయన భార్య మరియమ్మ బెల్లంపల్లిలో కూతురి దగ్గర ఉందని విన్నాను. కొమురయ్య భార్య ఎక్కడుందో నేను ఎన్నడూ అడగలేదు. బెల్లంపల్లి ఎంత దూరమని? రెండుసార్లు బస్సెక్కి మధ్యలోనే దిగిపోయాను. ఇకముందు పోతానో లేదో కూడా మాట ఇవ్వలేను. నా మాటకు విలువెంతో మీకు తెలిసింది కదా.

క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సిన ఇద్దరూ మట్టిలో ఉన్నారు. ఒక్కటి మాత్రం ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి: ఆ మనిషిని ఆయన కాలు మోసం చేయలేదు. నేను చేశాను.

రాశాను. ఇప్పుడు కాసేపు కూర్చుంటాను.