గుండు అవతల ఆరు మైళ్లు

టపా సంచి భుజానేసుకుని, గజ్జెల ఈటె చేతపట్టి పద్నాలుగేళ్లు పరుగెత్తిన బొజ్జన్నకు ఆ దారంతా తెలుసనుకుంటే పొరపాటే. సగమే తెలుసు. ఆత్మకూరు నుంచి ఆరు మైళ్ల అవతలున్న నామాలగుండు అనే పెద్ద బండరాయి దాకా ఆయన వంతు; అది దాటకూడదని నియమం. ఎదురుగా, గుండుకు అవతల అంతే దూరంలోని అడవి పల్లె నుంచి గోపన్న వచ్చేవాడు. గుండు నీడన సంచులు మార్చుకుని, ఒక్క బీడీని చెరిసగం తాగి, ఎవరి దోవన వాళ్లు. ఆ పది నిమిషాల కోసమే కదా కాళ్లు అంత ఉరికింది! ఏం రోజులవి!

ఒకనాడు గోపన్న బదులు కొత్తవాడొచ్చాడు. చెప్పకుండా పని మానేశాడని బొజ్జన్న అలిగాడు. ఆ అలకను ముప్పై ఏళ్లు మోశాడు, మహానుభావుడు!

రెండువేల నాలుగులో, ఒక పెళ్లిలో టపా ఆఫీసు పాత గుమాస్తా అసలు సంగతి చెప్పాడు. బొజ్జన్న పొట్టేళ్ల పందెం చూస్తూ కూర్చుని నాలుగు గంటలు ఆలస్యంగా గుండు చేరిన రోజొకటి ఉంది. ఆ తప్పు గోపన్న మీద పడిందట. “నాకే కాలు బెణికింది సారూ” అని నెత్తినేసుకున్నాడట. ఉద్యోగం ఊడింది. బొజ్జన్న అన్నం విస్తట్లోనే వదిలి లేచాడు.

మర్నాడే గోపన్న ఊరికని అల్లుడు పరమేష్ మోటారుసైకిల్ వెనకెక్కాడు.

“తారురోడ్డు వద్దప్పా, పాత దోవనే పోనీ. ఈడే నాకు ఎలుగుబంటి ఎదురొచ్చింది. ఈటెకున్న గజ్జెలు మోగిస్తే పారిపాయ!”

“గట్టిగా పట్టుకో మామా, గులకరాళ్లు శానా ఉండాయి” అన్నాడు పరమేష్.

గుండు దగ్గర బండి ఆపించి బొజ్జన్న కాసేపు కూలబడ్డాడు. నీ మొహం చూడనని గోపన్న అంటే? వెనక్కి పోదామా అనిపించింది. కానీ లేచాడు. అక్కణ్నుంచి పావుగంట ప్రయాణం, అంతే.

గోపన్న ఇంటి ముందు మంచం మీద కూర్చుని వేరుశెనగ బుడ్డలు ఒలుస్తున్నాడు. బొజ్జన్న బండి దిగీ దిగకముందే ఏడ్చేశాడు.

“తప్పయిపాయ గోపన్నా! నా వల్లనే నీ పని పాయ!”

గోపన్న ఆయన్ను పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది.

“పని పోతే పాయలేప్పా, సేద్యం చేసుకుని బతికినా. గుండు కాడ నేను కనపడకపోతే, సచ్చినాడా బతికినాడా అని ఈ ఆరు మైళ్లు రాకపోతివే! ఎన్ని దినాలు ఎదురుజూసినానో!”

గుండు దాటకూడదన్న నియమం సంచి మోసే పనికే గానీ మనిషికి కాదని బొజ్జన్నకు ఇన్నేళ్లూ తట్టలేదు.

గోపన్న పక్కకు జరిగాడు.

“కూచో. ఈ పొద్దు ఉరికేది లేదు గదా.”