సీలు వేసిన సీసా

అమలాపురంలో ఉత్త ఎబినేజర్ అంటే ఎవరికీ తెలిసేది కాదు. బొద్దింకల ఎబినేజర్ అంటే మాత్రం ప్రిన్సిపాళ్ళ దాకా తెలుసు. కాలేజీలో జువాలజీ ల్యాబ్ అటెండరు. ఇంటి వెనకగదిలో ఎనిమిది బిస్కట్ డబ్బాల్లో బొద్దింకల్ని పెంచేవాడు. డబ్బా అంచులకి లోపలివైపు వేజలైను పూసేవాడు, అవి జారిపోయి పైకి రాలేకపోయేవి. బలమైనవి ఇంటర్మీడియట్ పిల్లలు కోసి చూడడానికి వెళ్ళేవి. మిగిలినవి రొయ్యల చెరువుల మాణిక్యాలరావుగారి హాల్లో, గాజుతొట్టెలో తిరిగే మూరెడు అరోవానా చేపకి మేత. ఈ కథ అతని భార్య కృపావతిది. అయినా అతని గురించి ముందు చెప్పానంటే, ఆ ఇంట్లో ఏదైనా ముందు అతనికే వడ్డించాలి.

కృపావతి సఖినేటిపల్లి పిల్ల. పదో తరగతి చదివింది, దస్తూరీ చక్కనిది. పెళ్ళయి పదకొండేళ్ళయినా పిల్లల్లేరు. రాజమండ్రి డాక్టరమ్మ రెండుసార్లు పరీక్షలు చేసి, ఈమెలో ఏ లోపమూ లేదు, ఆయన్ని తీసుకురమ్మంది. మగవాడికి పరీక్షేమిటని అతను నవ్వాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో డాక్టరు మాట ఎత్తడానికి లేకపోయింది.

ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, కడుపునిండా తిని, వెనకగది కిటికీలు మూసి, ఎర్ర సెల్లోఫేన్ కాగితం చుట్టిన బల్బు వేసేవాడు. ఎర్ర వెలుతురు బొద్దింకలకి చీకటితో సమానమని లెక్చరరుగారు చెప్పారట. అతను డబ్బా మీదికి వంగి చూసి చెబుతుంటే ఆమె స్టూలు మీద కూర్చుని రికార్డులో రాయాలి. మగది రెక్కలు పైకెత్తి ఆడించింది, రెండు గంటల పది నిమిషాలు. వెనక్కి నడిచి ఆడదాని కిందికి దూరింది, రెండు పద్నాలుగు. ఆడది దాని వీపెక్కింది. ఆ తర్వాత రెండూ చెరోవైపుకి తిరిగి, తోకలు కలుపుకుని, గంటసేపు కదలకుండా నిలబడ్డాయి. కొన్నాళ్ళకి ఆడదాని వెనక చింతగింజలో సగమంత గుడ్లసంచి కనపడేది. అప్పుడు అతను తలెత్తి భార్యను చూసేవాడు.

"రాయి కృపా. మూడో డబ్బాలోది కడుపుతో ఉంది. దీనికి డాక్టరమ్మతో పని లేకపోయింది."

ఆమె రాసేది. ఒక్క అక్షరం వంకర పోయేది కాదు.

నెల దాటినా సంచి కట్టని ఆడవాటిని అతను వేరే చిన్న డబ్బాలోకి ఏరేవాడు. దాని మీద 'గొడ్డువి' అని ఆమె చేతే రాయించాడు. ప్రతి సోమవారం ఆ డబ్బా చేతిసంచిలో పెట్టుకుని మాణిక్యాలరావుగారింటికి ఆమే వెళ్ళాలి. చేప పైకి లేచి ఒక్కొక్కదాన్నే నోట్లోకి లాక్కుంటుంటే ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని చూసేవారు. ఇవాళ ఎన్ని గొడ్డువమ్మా అని అడిగేవారు, ఎంతో మర్యాదగా. ఆమె ఎన్నో చెప్పి వచ్చేసేది. దారిలో ఎప్పుడూ ఏడవలేదు. ఓర్పు గల మనిషని వీధిలో మెచ్చుకునేవారు గాని, లోపల ఎంత విషం మరుగుతోందో ఎవరికి తెలుసు.

రెండువేల రెండులో అతను రాజోలులో ఇంకో సంబంధం చూసుకున్నాడు. కోర్టులూ గొడవలూ అక్కర్లేకుండా స్టాంపు కాగితం రాయించి తెచ్చాడు. 'నాకు పిల్లలు కలగనందున నా ఇష్టపూర్వకంగా పుట్టింటికి వెళ్ళిపోతున్నాను.' సంఘపెద్ద పేతురుగారి ముందు ఆమె దాని మీద సంతకం చేస్తే చాలు. కృపావతి చెయ్యనంది. వెళ్ళిపోమంటే ఈ క్షణమే వెళ్తాను, కుట్టుమిషను పెట్టుకుని ఒక్కదాన్నే బతుకుతాను, లోపం నాదని మాత్రం నా చేత్తో రాయనంది. పదకొండేళ్ళలో అతనికి ఎదురు చెప్పడం అదే మొదలు.

అతను కొట్టలేదు. చదువుకున్నవాళ్ళ మధ్య తిరిగేవాడు, చెయ్యి చేసుకోవడం నామోషీ. ఒక ఖాళీ హార్లిక్స్ సీసా తెచ్చాడు. ఇంకా రెక్కలు రాని ఒక ఆడ బొద్దింకపిల్లని డబ్బాలోంచి ఏరి, మగవాటికి తోక దగ్గరుండే సన్నముళ్ళు దీనికి లేవని ఆమెకి భూతద్దంలో చూపించి మరీ అందులో వేశాడు. సీసా మూతికి గుడ్డ కట్టి, పరీక్ష పేపర్ల కట్టలకి వేసినట్టే ముడి మీద లక్క కరిగించి సీలు వేశాడు. గుడ్డ మీద సంతకం పెట్టి తేదీ వేశాడు. పాలలో కలిపిన పిండిని గుడ్డలోంచి సిరంజితో లోపలికి ఎక్కించాలి. పదిహేనేళ్ళుగా కాలేజీలో సీళ్ళు వేసిన చెయ్యి, దాన్ని తప్పు పట్టడానికి లేదు.

సీసాని తీసుకెళ్ళి వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టాడు.

"మగతోడు లేని ఆడది ఎలా ఎండిపోద్దో రోజూ చూడు. ఇది చచ్చిన రోజున సంతకం పెడుదువుగాని."

ఉప్పుకి చెయ్యి చాపినప్పుడల్లా ఆమె దాన్ని చూసింది. అది పొర విడిచి, తెల్లగా ఉండి, పూట తిరిగేసరికి ఎర్రబడి, రెక్కలు తెచ్చుకుంది. నెల తిరిగేసరికి ఆ ఒంటరిదానికి సంచి కట్టింది. కృపావతి గరిటె పక్కన పెట్టేసింది. అతన్ని పిలిచి చూపించింది. అతను ఒక్క చూపు చూసి, ఖాళీ సంచి, అచ్చం నీలాగే అన్నాడు. ఆ రోజు ఆమె సీసాని రెండు చేతులా పట్టుకుని, లోపలిది గాజుకి కొట్టుకునేలా ఊపింది. తర్వాత సిగ్గేసి పాలు రెండు చుక్కలు ఎక్కువ పోసింది.

సంచి కట్టిన నలభై ఏడో రోజున, శుక్రవారం, బియ్యం కడుగుతూ తలెత్తితే సీసా అడుగున తెల్లగా ఏవో కదులుతున్నాయి. నూకల్లాంటి పిల్లలు, తొమ్మిది. బొద్దింకల్లో ఒక్కోసారి మగది లేకుండానే ఆడది పిల్లల్ని కంటుందని లెక్చరరుగారు అతనికి చెప్పలేదు కాబోలు. ఆమె ఎవరినీ పిలవలేదు. సీసాకి అడ్డంగా కారం డబ్బా జరిపి, అన్నం వార్చింది.

ఇక పురుగు చచ్చేదాకా ఆగే ఓపిక అతనికీ లేకపోయింది. ఆదివారం పేతురుగారిని పిలుచుకొచ్చాడు. పెద్దాయన టీ తాగుతుండగా కాగితం బల్ల మీద పరిచాడు. కృపావతి వంటింట్లోంచి సీసా తెచ్చి కాగితం పక్కన పెట్టింది.

"సీలు చూడండి పేతురుగారూ. సంతకం ఈయనదే, తేదీ ఈయనదే. లోపలికి మగపురుగు వెళ్ళలేదండి. ఒంటరి ఆడది ఎండిపోద్దన్నారు ఈయన. పిల్లల్ని చూడండి."

పేతురుగారు కళ్ళజోడు పెట్టుకుని సీసాని తిప్పి తిప్పి చూశారు. సీలు చెక్కుచెదరలేదని ఒప్పుకున్నారు. ఎబినేజర్ సీసా లాక్కున్నాడు. నువ్వే విప్పి మగదాన్ని వదిలావన్నాడు. లక్కని గోటితో గీకి చూశాడు. చివరికి గొంతు తగ్గించాడు.

"పురుగు సంగతి వేరు, మనిషి సంగతి వేరు."

"ఆయ్," అంది కృపావతి. "మీ నోటెంట ఆ మాట రావాలనే పదకొండేళ్ళ నించీ చూస్తున్నానండి."

పేతురుగారు మిగిలిన టీ తాగి, మూతి తుడుచుకున్నారు.

"అదంతా సరేనమ్మా. పిల్లలైతే లేరు కదా. పెట్టెయ్యి సంతకం."

ఇన్నేళ్ళు చెక్కుచెదరని మనిషికి అప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిజం ముందు పెట్టినా చూడనివాళ్ళకి ఇంకేం చూపించాలి? ఆమె కలం తీసుకుంది. 'నాకు పిల్లలు కలగనందున' అన్నది అడ్డంగా కొట్టేసి, పైన తన చక్కటి దస్తూరీతో రాసింది. 'డాక్టరమ్మ రెండుసార్లు రమ్మన్నా నా భర్త పరీక్షకి వెళ్ళనందున.' సంతకం చేసి, సాక్షి సంతకానికి పేతురుగారి ముందుకి జరిపింది. ఆయన కళ్ళజోడు అప్పటికే జేబులో పెట్టేసుకున్నారు. చదవకుండానే సంతకం చేసేశారు. ఎబినేజర్ ఇంకా సీసా మీది లక్కనే చూస్తున్నాడు. వాళ్ళిద్దరూ వాకిట్లోకి వెళ్ళి మాట్లాడుకుంటుంటే ఆమె బట్టలు సర్దుకుంది. వెనకగదిలోకి వెళ్ళి, మూతలు తీసి, అతను విప్పి తగిలించిన ఆదివారం చొక్కాతో ఎనిమిది డబ్బాల అంచుల వేజలైనూ శుభ్రంగా తుడిచింది. డబ్బాల్ని గోడకి ఆనించింది. సీసాని మాత్రం కాగితం పక్కనే వదిలి మధ్యాహ్నం బస్సెక్కేసింది.

రాజోలువాళ్ళు ఇల్లు చూడడానికి వచ్చిన సంగతి పది రోజులకి సఖినేటిపల్లి చేరింది. రేవు దాటడానికి వచ్చిన ఎరిగినావిడ చెప్పింది. బియ్యం డబ్బాలో బొద్దింకలట, దేవుడి పటం వెనక బొద్దింకలట, పెళ్ళివారికి పెట్టిన మైసూరుపాకు ప్లేట్లోకీ ఎక్కాయట. కాగితం ఏదని వాళ్ళు అడిగితే ఎబినేజర్ తటపటాయించాడట, లాక్కుని చదివారట. ముందు ఆ పరీక్షేదో చేయించుకుని కబురు పెట్టమని లేచిపోయారట.

కృపావతి జాకెట్టుకి కాజాలు కుడుతోంది. సూది ఆపి నవ్వింది. వినడానికి బాగుండే నవ్వు కాదు, ఆవిడ కొంచెం వెనక్కి జరిగింది కూడా.

"ప్లేట్లోకి ఎన్ని ఎక్కేయండీ?" అని అడిగింది కృపావతి, ఎంతో మర్యాదగా.