మిశ్రమ మాధ్యమం కింద దాగిన చీర

ఒక పాత నేత చీర ఇన్నేళ్లుగా నా ప్రాణం తోడేస్తోంది. చెబితే నవ్వుతారేమో. నవ్వండి. మోసి మోసి విసుగొచ్చింది, మీకైనా చెప్పుకుంటాను.

నేను కరీంనగర్‌లో బొమ్మలు వేసుకునే మనిషిని. కాన్వాసు మీద గోనెపట్టా, ఎర్రమట్టి జాజు, సున్నం, పాత గుడ్డలు మెత్తి పైన రంగులు పూస్తాను. నాకు పేరు తెచ్చిన పెద్ద చిత్రం మధ్యలో ఒక ముడి ఉంటుంది. దాని గురించి రాయని విమర్శకుడు లేడు. మట్టి వేదన అన్నారు, చరిత్ర చిక్కు అన్నారు. నా తలకాయ. అది మా అవ్వ, అంటే మా అమ్మ, కొంగుముడి. చిల్లర పైసలు అందులో కట్టుకునేది.

అవ్వ పోయాక ధర్మపురి వెళ్లి అస్థికలు గోదావరిలో కలిపి వచ్చాం. మా దగ్గర పోయినవాళ్ల బట్టలు చాకలివాళ్లకు ఇస్తారు. మా ఇంటి బట్టలుతికే రాజవ్వ వచ్చి మూట తీసుకెళ్లింది. అంతకుముందే నేను మూట విప్పి ఆ ముడి ఉన్న ఎర్రంచు చీర తీసి దాచుకున్నాను. ప్రేమతోనా? అలా అనుకుంటే బాగానే ఉంటుంది. కానీ నాకు నచ్చింది ఆ ముడి పడిన తీరు. కొడుకు కన్ను కాదు, బొమ్మలవాడి కన్ను పడింది దాని మీద. కత్తిరించి, జిగురు పూసి, సున్నం మెత్తాను.

తర్వాత ఖానాపూర్ నుంచి అక్క వచ్చింది. ఆమె కూతురికి కాన్పు దగ్గరపడింది. పుట్టే బిడ్డకు మొదటి ఉయ్యాల ఆ చీరతోనే కట్టిస్తానని అవ్వ మాటిచ్చిందట. అక్క ఇల్లంతా వెతికింది. నేనూ పక్కనే నిలబడి పెట్టెలు దించి ఇచ్చాను, సిగ్గులేకుండా. చివరికి మూటలో రాజవ్వకు పోయి ఉంటుందన్నాను. అక్క వెళ్లి అడిగితే మూటలో ఆ చీర రాలేదంది ఆమె. అమ్ముకుని అబద్ధమాడుతోందని అక్క వాడంతా చెప్పింది. ఆ తర్వాత మా ఇళ్లలో ఏ పెళ్లి పనికీ రాజవ్వను పిలవలేదు. నేను నోరు విప్పలేదు. చిత్రం అప్పటికే పోటీకి పంపేశాను కదా, ఎలా చెప్పను? ఇదీ నా సాకు.

ఒకసారి అక్క నా ప్రదర్శనకు వచ్చింది. ఆ చిత్రం ముందు చాలాసేపు నిలబడింది.

“గీ అంచు అవ్వ చీర లెక్కనే ఉన్నది గదరా తమ్మీ?”

“గసొంటి అంచులు బజార్ల మస్తుంటయక్కా.”

“గంతేనంటవా? గా రాజవ్వను తలుసుకుంటె ఇప్పటికీ మండుతది నాకు.”

నాకు అక్క మీదే కోపమొచ్చింది. ఎందుకు గుర్తుపట్టదు? అంచు చిరిగిన చోట అవ్వ వేసిన కుట్టు కూడా కనిపిస్తోంది. గుర్తుపట్టి నాలుగు తిడితే నా పీడ పోయేది. దొంగతనం చేసింది నేను, పట్టుకోలేదని విసుక్కునేదీ నేనే. ఇదేం బుద్ధి?

రాజవ్వ ఇప్పుడు లేదు. దొంగ అన్న పేరుతోనే పోయింది. ఆమె కొడుకు మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. నా చొక్కాలు మడత నలగకుండా చేతికిచ్చి నమస్తే పెడతాడు.

మొన్న మళ్లీ ఆ చిత్రాన్ని ప్రదర్శనకు అడిగారు. పక్కన పెట్టే చీటీ మీద, బొమ్మ వేటితో చేశానని రాయాలో చెప్పమన్నారు. ఎప్పటిలాగే మిశ్రమ మాధ్యమం అనబోయి ఆగాను. అక్క చూస్తే ఏమవుతుందో తెలియదు. క్షమించమని అడుగుదామంటే రాజవ్వ లేదు. అయినా రాసిచ్చాను: జాజు, సున్నం, మా అవ్వ చీర. చీర తీసింది నేను, రాజవ్వ కాదు.