చలికాలపు ఫోన్లు

మొన్న ఉప్పల్ మెట్రో మెట్లు దిగుతుంటే ఒక ట్రావెల్స్ దుకాణం అద్దం మీద గ్రీసు దీవి బొమ్మ కనబడింది. తెల్లటి ఇళ్లు, నీలం తలుపులు. ఆ దేశాన్ని నేనెన్నడూ చూడలేదు. కానీ నాచారంలో ఒక మేడ మీద ఆఫీసులో కూర్చుని, మూడేళ్లు అక్కడి హోటళ్లలో యాత్రికులకు ఫోన్లో గదులు బుక్ చేశాను. మా ఆయన చనిపోయిన ఏడాదే చేరాను. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. ఆఫీసులో మాట్లాడటమే ఉద్యోగం.

వేసవిలో ఫోను పెట్టే తీరిక ఉండేది కాదు. పడవ నడిపేవాడి నుంచి దుప్పట్లు ఉతికే మనిషి దాకా అక్కడందరూ ఆ ఆరు నెలలు వచ్చే యాత్రికుల మీదే ఏడాదంతా బతకాలట. చలి మొదలైతే హోటళ్లు మూసేసేవారు, మాకూ పని ఉండేది కాదు. ఒక చిన్న హోటల్ యజమానురాలు మాత్రం రోజూ సరిగ్గా మా అన్నాలవేళకు ఫోన్ చేసి, బుకింగులేమైనా వచ్చాయా అని అడిగేది. మూసిన హోటల్‌కు బుకింగులేమిటని మొదట్లో నవ్వుకున్నాను. పోనుపోను అక్కడి వాన, ఆమె మోకాళ్ల నొప్పి, నా వంట, అన్నీ మా ఇద్దరి వచ్చీరాని ఇంగ్లీషులో దొర్లేవి. పచ్చిపులుసు ఎలా చేస్తారో చెబితే, చింతపండు దొరక్క నిమ్మకాయ పిండిందట. బాగుందనే చెప్పింది, పాపం.

పక్క సీటు అక్కది జనగామ దగ్గర ఊరు. అన్నీ వింటూ ఉండేది. "ఆమెకు గావాల్సింది బుకింగులు గాదే, మాట. నీకు సుత గంతేనాయె" అంది ఒకరోజు.

జనవరిలో కొత్త మేనేజరు వచ్చాడు. రికార్డయిన కాల్స్ విని నన్ను పిలిచాడు. "ముచ్చట్లు బంద్ జెయ్యమ్మా. ఇంకోసారి ఇంటే నా చేతుల ఏముండది" అన్నాడు మెల్లగా. ఆ మధ్యాహ్నం నా కుర్చీ వెనకే నిలబడ్డాడు. ఆమె ఎప్పట్లాగే ఏం వండావని అడిగింది. బుకింగులేమీ లేవని, పనుంటేనే చెయ్యమని చెప్పాను. సారీ అని, తప్పంతా తనదైనట్టు ఫోను పెట్టేసింది. మళ్లీ చేయలేదు.

వారం ఓర్చుకుని, రామంతాపూర్ చెరువు దగ్గర నిలబడి నా సెల్‌తో చేశాను. గుర్తుపట్టింది. ఆ రోజు వెనక మేనేజరున్నాడని చెప్పాను. పర్వాలేదంది. మోకాళ్లెలా ఉన్నాయంటే బాగానే ఉన్నాయంది. ఏప్రిల్లో గదులు తెరుస్తున్నామని, అతిథులుంటే పంపమని ఎంతో మర్యాదగా చెప్పింది. అంత మర్యాద ఆమె గొంతులో అంతకుముందు ఎప్పుడూ లేదు.

ఆ వేసవి ఆమె గదులన్నీ నిండాయి, నేనే నింపాను. మరుసటి ఏడు ఆఫీసు మూతపడింది. అప్పట్నుంచి ఏళ్లు చకచకా గడిచిపోతూనే ఉన్నాయి. మధ్యాహ్నాలే ఎందుకో ఇప్పటికీ కదలవు.