చూరు నీళ్ళ హద్దు

నూజివీడు బజారులో మా పెద్దమ్మ కామేశ్వరమ్మకు ఒక పెంకుటిల్లు ఉండేది. లోపలి గది మామిడికాయల వ్యాపారి పాండురంగారావు గారికి, వీధరుగు దర్జీ రాయప్పకు అద్దెకిచ్చింది. కాగితం రాయలేదు. "గడప లోపల మీది. గడప బయట చూరు నీళ్ళు పడేదాకా రాయప్పది" అంది. ఆవిడ మాటే దస్తావేజు.

రాయప్పది రెడ్డిగూడెం. అంతకుముందు చేతిమిషను నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి కుట్టేవాడు. ఈ అరుగు దొరికాకే తనకు పిల్లనిచ్చారని నవ్వుతూ చెప్పేవాడు. కుట్టు కాస్త బిగువే గాని, మనిషి మహా వదులు.

అరవై రెండులో కాపు విరగకాసింది. పాండురంగారావు గారు చూరుకు ఆనించి వీధిలోకి తాటాకు పందిరి వేయించి, కింద బుట్టలు పేర్చారు. చుక్క నీరు కారకుండా ఆకులను పెంకుల కిందికి దోపించానని గొప్పలు కూడా పోయారు. ఏకు మేకై, నాలుగు రోజుల్లో బుట్టలు అరుగెక్కాయి. మిషను గోడకు అంటుకుంది. నాకైతే ఒళ్ళు మండిపోయేది.

"అరుగు అంచు చూరు బయటిదయ్యా. అది నీది కాదు" అన్నారాయన.

"లోపలిదేనండీ. ఇది పోతే నేను మళ్ళీ మిషను నెత్తికెత్తుకోవాలి" అన్నాడు రాయప్ప.

"వాన పడనీండి. నీళ్ళే చెబుతాయి" అంది పెద్దమ్మ.

రోహిణి కార్తెలో ఒక సాయంత్రం దబదబా కురిసింది. అందరం అరుగు మీదికి చేరి చూశాం. పెంకుల మీది నీళ్ళు తాటాకుల మీదికి దిగి, పందిరి దాటి, వీధి మధ్యలో పడుతున్నాయి.

పెద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "చూశారుగా పాండురంగారావు గారూ, నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో. పందిరంతా రాయప్పదే."

ఆయన మొహం చూసి తీరాలి. "మరి నా కాయలో?" అన్నారు.

"ఉండనీండి బాబుగారూ. అరుగు మాత్రం నాకొదిలెయ్యండి" అన్నాడు రాయప్ప.

మరుసటి ఏడు ఆయన తెలివిగా, చూరుకీ పందిరికీ మధ్య జానెడు సందు వదిలి మరీ వేయించారు. హద్దు మళ్ళీ వెనక్కి వచ్చింది. వానా వచ్చింది. చూరు నీళ్ళన్నీ ఆ సందులోంచి చిన్నరసాల బుట్టల మీదే ధారకట్టాయి. ఆయన గొడుగు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే నేను కడుపుబ్బ నవ్వాను.

రాయప్ప నవ్వలేదు. కుడుతున్న గుడ్డ పక్కన పెట్టి, స్టూలెక్కి, తడుస్తూ సందుకు తాటాకులు కప్పాడు.

"నీళ్ళు మళ్ళీ వీధిలో పడతాయి కదయ్యా. హద్దో?" అన్నారాయన, గొంతు తగ్గించి.

"వాన వెలిశాక తీసేస్తానండీ. మీ హద్దు మీకుంటుంది" అన్నాడు రాయప్ప.

నాకు సిగ్గేసింది. వాన వెలిసింది. రాయప్ప ఆకులు తీయడానికి స్టూలు వేయబోతే, "ఉండనీవయ్యా" అంటూ పాండురంగారావు గారే దాన్ని పక్కకు లాగేశారు.